చొల్లంగి స్నానానికి వెళ్ళి హోప్ దీవి చూసొచ్చాం

గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి చొల్లంగి అమావాస్య గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పుష్యమాసం ఆఖర్న వచ్చే ఆ అమావాస్యనాడు చొల్లంగిలో సముద్రస్నానంతో మొదలుపెట్టి, గోదావరి ఏడుపాయలు కడలిలో కలిసే ఏడుచోట్లా మునిగి, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరితే సప్తసాగర యాత్ర పూర్తయినట్టు. మా అమ్మమ్మ పడవల మీదా, ఎడ్లబళ్ళ మీదా వెళ్ళి ఏడు స్నానాలూ చేసిందట. ఇప్పుడు మనకి అంత తీరికేదీ? ఒక్క చొల్లంగి స్నానం దక్కితే అదే పదివేలు అనుకుని, మూడు మునకలు వేసి, తడిబట్టలు సంచిలో కుక్కుకుని, సాయంత్రం వంటవేళకి ఇంటికొచ్చి పడతాం.

అలా వెళ్ళొచ్చేవాళ్ళలో ఎంతమంది అక్కడికి దగ్గర్లోనే ఉన్న దీవి గురించి ఆలోచించి ఉంటారు? కాకినాడ వాళ్ళని అడిగినా, "ఆ, హోప్ ఐలాండేగా... ఎప్పుడో పిక్నిక్కి వెళ్ళాం" అనేవాళ్ళే తప్ప దాని కథ చెప్పేవాళ్ళు తక్కువ. 2024లో అమావాస్య ఫిబ్రవరి 9న వచ్చింది. మర్నాడు రెండో శనివారం. మావారూ, నేనూ, కాకినాడలో ఉండే మా వదినగారూ, అన్నయ్యగారూ కలిసి ఆ దీవికి వెళ్ళొచ్చాం. చెప్పాల్సిన సంగతులు చాలా ఉన్నాయి కాబట్టి మీతో పంచుకుందామని.

ముందు ఈ ప్రయాణం ఎలా పుట్టిందో చెప్పాలి. మా తోటికోడలి కూతురు స్కాట్లాండులో ఉంటోంది. ఆ అమ్మాయి సెయింట్ కిల్డా అనే దీవులకి వెళ్ళి, ఫోన్లో బోలెడు ఫోటోలు పంపింది. అట్లాంటిక్ సముద్రం మధ్యలో, ఎప్పుడో ఆరిపోయిన అగ్నిపర్వతం తాలూకు ముక్కలట అవి. గోడల్లా నిలబడ్డ నల్లటి కొండచరియలు, వాటి మీద తెల్లగా సున్నం వేసినట్టు పిట్టలు! గానెట్లు, ఫుల్మర్లు, రంగుల ముక్కుల పఫిన్లు. అక్కడ మనుషులు వందల ఏళ్ళు ఆ పిట్టల మీదే బతికారట. గుడ్లూ మాంసమూ తినడానికి, నూనె దీపానికి, ఈకలు దొరగారికి శిస్తు కట్టడానికి! మగవాళ్ళు తాళ్ళు కట్టుకుని కొండచరియల మీదికి దిగి పట్టుకొస్తే, ఈకలు పీకే పని ఎక్కువగా ఆడవాళ్ళది. చివరికి జనం తగ్గిపోయి, జబ్బు చేస్తే వైద్యుడు లేక, చలికాలం తిండికి కటకటలాడి, తమని అక్కణ్ణించి తీసుకెళ్ళిపొమ్మని వాళ్ళే సర్కారుకి అర్జీ పెట్టుకున్నారు. 1930 ఆగస్టు 29న మిగిలిన 36 మందీ ఓడెక్కి వచ్చేశారు. ఇప్పుడక్కడ పిట్టలదే రాజ్యం.

ఆ ఫోటోలు చూసి మా వదినగారు, "పిట్టల్ని చూడ్డానికి అంత దూరం వెళ్ళాలటే! మన దగ్గర లేవూ?" అన్నారు. నేను నవ్వేసి, "పిట్టలు ఉంటాయి వదినగారూ, అగ్నిపర్వతం ఎక్కణ్ణించి తెస్తాం?" అన్నాను. మావారు కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యారు లెండి. పేపరు పక్కన పెట్టి, "అదీ ఉంది. మీరు రోజూ తొక్కే రోడ్డు కిందే ఉంది" అన్నారు.

ఆయన చెప్పినదంతా చెబితే మీకు విసుగొస్తుంది కానీ ముక్తసరిగా చెప్తాను. మా రాజమండ్రి పక్కన కాతేరు, గోదావరి దాటితే అవతల పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం... ఈ ఊళ్ళ నల్లరాయి క్వారీలు మీరు చూసే ఉంటారు. ఇళ్ళకీ రోడ్లకీ వేసే నల్ల కంకర వచ్చేది అక్కణ్ణించే. ఆ రాయి లావా గడ్డకట్టగా వచ్చిన రాయి. అయితే ఇక్కడ అగ్నిపర్వతం పేలలేదు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట, అవతల పడమటి కనుమల వైపు నేల చీలి పొంగిన లావా, అప్పటి నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారుకుంటూ ఇక్కడిదాకా వచ్చి ఆగిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. భూమి మీద అంతకంటే పొడుగ్గా పారిన లావా మరొకటి ఉందో లేదో అని కూడా అంటున్నారు. పాలు పొంగి స్టవ్వు దాటి, గట్టు దాటి, వీధిలోకి పారినట్టు ఊహించుకోండి! కాతేరులో లావా పొరకీ పొరకీ మధ్య సున్నపురాయి, అందులో నత్తగుల్లలు దొరికాయి. అంటే అప్పట్లో మా రాజమండ్రి దగ్గర దాకా సముద్రపు నీరుండేదన్నమాట.

"మరి ఇప్పుడు సముద్రం అంత దూరం ఎలా వెళ్ళింది?" అని అడిగారు వదినగారు.

"గోదారమ్మ పూడ్చుకుంటూ వెళ్ళింది" అన్నారు మావారు.

ఇదే నాకు బాగా నచ్చిన సంగతి. గోదావరి పుట్టేది త్ర్యంబకంలో, ఆ లావా కొండల్లోనే. ఆ నది నీళ్ళు పారే నేలలో దాదాపు సగం మహారాష్ట్ర వైపు నల్లరాతి నేలే. ఎండకీ వానకీ ఆ రాయి మెత్తబడి నల్లరేగడి అవుతుంది, వరదకి కొట్టుకొస్తుంది. అలా ఆరేడు వేల ఏళ్ళపాటు తెచ్చి పోసిన మట్టే మన డెల్టా. మనం తినే వరి, కోనసీమ కొబ్బరి, అన్నీ ఆ మట్టి చలవే. ఆ పోత చివర, సముద్రంలో పోసిన ఇసుకే హోప్ దీవి. ఇంకేం, అగ్నిపర్వతం పిండి కలిసిన దీవి మనకీ ఉందని తేలిపోయింది. ప్రయాణం ఖాయమైపోయింది!

దీవి కోరంగి అభయారణ్యంలో భాగం. అందుచేత అన్నయ్యగారు ముందే ఫారెస్టు వాళ్ళ దగ్గరికెళ్ళి అనుమతి తెచ్చారు, తెలిసిన మత్స్యకారుడి మోటారు పడవ మాట్లాడారు. తెల్లవారుజామున లేచి వదినగారూ నేనూ పులిహోర, దద్దోజనం కలిపి, జంతికలు డబ్బాలో పోసుకుని, స్టీలు చెంబుల్లో మంచినీళ్ళు పట్టుకున్నాం. పడవ సరంగు యాభై దాటిన మనిషి. ఎక్కగానే, "అమ్మగారూ, ఇప్పుడు నీరు పోటు మీదుందండి. పిట్టలన్నీ ఇసక మీదే ఉంటాయండి. మజ్జానం పాటు తగిలాక బురదలోకి దిగిపోతాయండి. అందాకా కంగారు లేదండి ఆయ్" అన్నాడు. అమావాస్య వెళ్ళిన మర్నాడు కదా, ఆటుపోట్లు పెద్దగా ఉంటాయి. పోటులో బురదనేల మునిగిపోతే పిట్టలకి మేత ఉండదు, అందుకని ఎత్తుగా ఉన్న ఇసుక మీద గుంపులుగా చేరి కునుకు తీస్తాయి. నీరు తీయగానే భోజనానికి బయల్దేరతాయి. వాటి గడియారం సూర్యుడిది కాదు, చంద్రుడిది. ఈ ముక్క నాకు అంతకుముందు తెలీదు.

కాకినాడ నుంచి పడవ మీద వెళ్తుంటే మీకు ఆశ్చర్యం వేసేది నీళ్ళు. సముద్రమన్నమాటే గానీ అలలేవీ? చెరువులా ఉంటుంది. కారణం ఆ దీవే. అది గుండ్రంగా ఉండే దీవి కాదు, పదహారు కిలోమీటర్ల పొడవున్న సన్నటి ఇసుక నాలుక. వైశాల్యం ఎనిమిది చదరపు కిలోమీటర్లు. దక్షిణాన మడ అడవుల వైపు మొదలై ఉత్తరంగా కాకినాడకి అడ్డంగా చెయ్యి చాపినట్టు ఉంటుంది. అలలన్నీ దాని వీపు మీద విరిగిపోతాయి. లోపల ఓడలు నిశ్చింతగా లంగరు వేసుకుంటాయి. కాకినాడ రేవు రేవైందంటే ఆ చాపిన చెయ్యే కారణం. విచిత్రమేమిటంటే, దాని వయసు రెండు వందల ఏళ్ళకి కాస్త అటూ ఇటూగానట! మా ముత్తాతగారి ముత్తాతగారికి ఆ దీవి తెలియదన్నమాట.

అంతకుముందు ఈ చుట్టుపక్కల పేరున్న రేవు కోరంగి. బర్మాకి మనవాళ్ళు ఓడలెక్కింది ఎక్కువగా అక్కడే కాబట్టి, అక్కడ మన దేశం వాళ్ళని 'కోరంగీలు' అనేవారు. 1839 నవంబరు 25న వచ్చిన తుపానుకి సముద్రం ఊరి మీదికొచ్చి ఆ రేవుని తుడిచిపెట్టేసింది. 'సైక్లోన్' అనే మాటని పుట్టించిన పిడింగ్టన్ దొర ఇలాంటి బంగాళాఖాతం తుపానుల మీదే పరిశోధన చేశాడు. తుపానంటే మన తరానికీ తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి మర్చిపోగలమా? వెయ్యిమందికి పైగా పోయారు, సముద్రం మీద వేటలో ఉన్న ఎంతోమంది మళ్ళీ రాలేదు. ఆ మాట ఎత్తితే సరంగు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. మేం మళ్ళీ అడగలేదు.

దీవి దగ్గర పడుతుంటే ముందు సరుగుడు చెట్లు కనిపించాయి. తర్వాత ఇసుక. ఇసుక చివర బూడిదరంగు చాప పరిచినట్టు ఏదో... వదినగారు, "అవి గులకరాళ్ళా?" అన్నారు. అంతలో ఆ చాప ఒక అంచున కాస్త లేచి మళ్ళీ పడింది. పిట్టలు! వందలూ వేలూ అని లెక్క చెప్పలేను, లెక్కపెట్టడం చేతకాదు. ఏటా జనవరిలో పక్షిప్రేమికులు వచ్చి గుడారాలు, దుర్భిణీలతో కూర్చుని లెక్కలు వేస్తారట. మేం మాత్రం అన్నయ్యగారి బైనాక్యులర్స్ ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుంటూ చూశాం.

ఎలా ఉంటాయో చెప్తాను, మీరు వెళ్తే పోల్చుకుంటారు. అన్నిటికంటే ఎక్కువగా, పిచ్చుక కంటే కాస్త పెద్దవి, ఇసుక రంగువి, నాలుగడుగులు గబగబా పరిగెత్తి టక్కున ఆగేవి ఉంటాయి చూడండి, అవి ప్లోవర్లు. వాటితోనే కలిసి తిరిగే, కొస వంగిన ముక్కు చిన్న ఉల్లంకి పిట్టలు సైబీరియా ఉత్తరపు కొసన, మంచు కరిగిన నేల మీద గుడ్లు పెట్టుకుని ఇక్కడికి వస్తాయి. కొడవలిలా వంగిన పొడుగాటి ముక్కుతో, కోడిపెట్ట అంత ఉండేది కర్లూ. బురదలో జానెడు లోతున ఉన్న పురుగుని కూడా ఆ ముక్కుతో దబ్బనంతో లాగినట్టు లాగుతుంది. తెల్లగా, పావురం కంటే పెద్దగా, చెవి దగ్గర నల్లటి చుక్కతో ఉండేవి సీగల్స్. దిష్టిచుక్క పెట్టిన పసిపిల్లల్లా ఉన్నాయన్నారు వదినగారు. ఇవి ఎండాకాలంలో లడఖ్, టిబెట్ సరస్సుల దగ్గర కాపురం చేస్తాయి. అప్పుడు వాటి తలంతా చాక్లెట్ రంగులోకి మారిపోతుంది. మన దగ్గరున్నప్పుడు మాత్రం తెల్లతల, చుక్క. ఎర్రటి క్యారెట్టు ముక్కున కరుచుకున్నట్టుండే పెద్ద టెర్నులు కూడా కనిపించాయి. గాల్లో ఒక్కచోట ఆగి, తల కిందికి పెట్టి, రాయి పడ్డట్టు నీళ్ళలో పడి చేపతో పైకి లేస్తాయి.

కాకినాడ తీరంలో మరో అపురూపమైన పిట్ట ఉంటుంది, స్కిమ్మర్. దాని కింది ముక్కు పైదాని కంటే పొడుగు. నోరు తెరిచి కింది ముక్కుని నీళ్ళలో ఆనించి, కత్తెరతో గుడ్డ కోసుకుంటూ పోయినట్టు నీటిమీద ఎగిరిపోతుంది. చంబల్ లాంటి నదుల ఇసుకతిన్నెల మీద గుడ్లు పెట్టుకుంటుంది. ప్రపంచంలో చాలా తక్కువ మిగిలాయి కాబట్టి అంతరించిపోయే ప్రమాదమున్న వాటి జాబితాలో చేర్చారు. కాకినాడ కుంభాభిషేకం రేవు దగ్గర బురదనేలలో చలికాలం గుంపులు దిగుతాయి. మా అదృష్టం, దీవి కొసన ఓ పదిహేను కనిపించాయి. నిద్రలో ఉన్నాయి పాపం. అన్నీ గాలివాలు వైపు ముఖం పెట్టి, క్లాసులో పిల్లల్లా వరసలో కూర్చున్నాయి.

అక్కడే ఒక చికాకు జరిగింది. మాకంటే ముందే ఇంకో పడవలో కుర్రకారు కొందరు వచ్చి ఉన్నారు. ఫోనులో వీడియో బాగా రావాలని ఒకడు కెమెరా పట్టుకుని నిలబడితే, ఇద్దరు కేకలేస్తూ పిట్టల మధ్యకి పరిగెత్తారు. అన్నీ ఒక్కసారిగా లేచాయి. చూడ్డానికి నిజంగానే కన్నుల పండువగా ఉంది, అబద్ధమెందుకు! వెండి చీర ఝాడించినట్టు ఆకాశమంతా మెరిసింది. రెండు చుట్లు తిరిగి మళ్ళీ దిగాయి. వాళ్ళు మళ్ళీ పరిగెత్తారు. మూడోసారి మా సరంగు ఉండబట్టలేక, "బాబూ, ఆట్ని కూకోనీండి. మళ్ళీ దూరం పోవాలండి అయ్యి" అని గట్టిగా అరిచాడు.

ఆ ముక్కలో ఎంత సంగతుందో మావారు తర్వాత విడమరిచి చెప్పారు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఈ పిట్టలన్నీ ఉత్తరానికి బయల్దేరతాయి. దార్లో నూనె బంకుల్లేవు కదా. ఒంట్లో కొవ్వే వాటి పెట్రోలు. కొన్ని జాతులు ప్రయాణానికి ముందు దాదాపు రెట్టింపు బరువెక్కుతాయి. గాడ్‌విట్ అనే పిట్ట ఉంది, దాని చుట్టాలు మన తీరానికీ వస్తాయి. 2022 అక్టోబరులో అయిదు నెలల గాడ్‌విట్ పిల్ల ఒకటి అలాస్కాలో లేచి, ఎక్కడా వాలకుండా, పదకొండు రోజులు ఎగిరి ఆస్ట్రేలియా కింద ఉన్న టాస్మేనియాలో దిగింది. 13,560 కిలోమీటర్లు! వీపుకి కట్టిన చిన్న పరికరం ద్వారా లెక్క తెలిసింది. అలాంటి ప్రయాణం ముందున్న పిట్టని ఊరికే లేపడమంటే, రైలు టైమైపోతోందని విస్తరి ముందు కూర్చున్న చుట్టాన్ని నాలుగుసార్లు లేపి పెరట్లో పరిగెత్తించడమే. మన ఇంట్లో అలా చేస్తామా? వదినగారు ఆ కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళి ఇదే మాట చెప్పి, చెరో రెండు జంతికలు కూడా పెట్టారు. వాళ్ళు సిగ్గుపడ్డారో, జంతికలకి లొంగారో గానీ తర్వాత చెట్ల కింద కూర్చున్నారు.

దీవి మీద చిన్న పల్లె ఉంది. ఎండుచేపల వాసన ముందే చెబుతుంది, ఊరొచ్చిందని! ఇసుక మీద వల పరిచి చేపలు ఆరబెడుతున్న ఒకావిడ దగ్గర కాసేపు కూర్చున్నాం. నా వయసే ఉంటుంది. బియ్యం, పప్పు, మందులు అన్నీ పడవ మీదే రావాలట. "పురుళ్ళకీ పడవేనా?" అంటే, "నెల ముందే అవతలొడ్డుకి పంపేత్తామండి" అంది. సెయింట్ కిల్డా వాళ్ళు దీవి ఎందుకు వదిలేశారో నాకు అప్పుడు బాగా అర్థమైంది. పిట్టల సంగతి అడిగితే నవ్వి, "ఆటికి మాకన్నా ముందే తెలుత్తాదండి చేపెక్కడుందో. తెల్లపిట్టలు ఎక్కడ పడతన్నాయో సూసి మావోళ్ళు వల ఏత్తారు" అంది. అక్కడా పిట్టల మీదే బతుకు, ఇక్కడా ఒక రకంగా పిట్టల సాయంతోనే. ఇక్కడ మాత్రం వాటిని పట్టుకు తినడం లేదు, అంతే తేడా.

ఆవిడే చూపించింది, ఇసుక మీద ట్రాక్టరు చక్రాల జాడలాంటి ముద్రలు. రాత్రి తాబేలు ఎక్కి గుడ్లు పెట్టి వెళ్ళిన దారి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడికొచ్చి, ఒక్కోటి వంద, నూట ఇరవై గుడ్లు ఇసుకలో పూడ్చిపెట్టి పోతాయి. ఫారెస్టు వాళ్ళు వాటిని తీసి కంచె వేసిన చోట పెట్టి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు. నక్కలూ కుక్కలూ తినకుండా. కొంచెం అవతల వలలో చిక్కి ఊపిరాడక చచ్చిన తాబేలు ఒకటి ఒడ్డున పడి ఉంది. దాని కళ్ళ మీద అప్పటికే ఇసుక చేరింది. చూడలేకపోయాను.

ఒడ్డునంతా ఊదారంగు పూల తీగలు, ముళ్ళ బంతుల్లాంటి గడ్డి. ఆ గడ్డిని 'రావణాసురుడి మీసాలు' అంటారు. గాలికి బంతులు దొర్లుకుంటూ పోయి ఎక్కడో అక్కడ నాటుకుంటాయి. ఆ తీగలూ ఆ మీసాలే ఇసుకని పట్టి ఉంచుతున్నాయి. ఎండాకాలం వడియాల మీద బట్ట కప్పి అంచున గుండ్రాళ్ళు పెడతాం చూడండి, అలాగన్నమాట. లేకపోతే గాలికి దీవి ఎప్పుడో ఎగిరిపోయేది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నాకు ఆ దీవి మీద నిలబడి ఉత్తరంగా చూస్తే మనసు కలుక్కుమంది. ఆ వైపే ఉప్పాడ. చీర కట్టుకునే మనందరికీ ఆ ఊరి పేరు తెలుసు. 2009లో జాందానీ చీరకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా పెద్దమ్మ కాపురం అక్కడే. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే, వాళ్ళ వీధి దాటి, ఇంకో వీధి దాటి, కొబ్బరిచెట్లు దాటి, అప్పుడు సముద్రం వచ్చేది. ముందు కొబ్బరిచెట్లు పోయాయి. తర్వాత ఆ వీధి. తర్వాత పెద్దమ్మ ఇల్లు. ఒక్క రాత్రిలో కాదు, ఏళ్ళ తరబడి, గోడ గోడా. ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాలు అడ్డం వేశారు, బండరాళ్ళు పోశారు. అయినా తుపాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు కోసుకుపోతూనే ఉంది. పెద్దమ్మ ఇప్పుడు పిఠాపురంలో కొడుకు దగ్గరుంటోంది. మగ్గం మాత్రం విప్పి తెచ్చుకుంది.

ఉప్పాడ ఎందుకు కోసుకుపోతోందంటే, శాస్త్రజ్ఞులు చెప్పే కారణాల్లో ఈ దీవి కూడా ఒకటి. సముద్రం ఒడ్డు వెంబడి ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుంటూ పోతుంది. ఆ ఇసుక దారిలో ఇక్కడే ఆగి, దీవి చెయ్యి పొడుగైంది. అవతల ఉప్పాడకి చేరాల్సిన వాటా తగ్గిపోయింది. పైగా దీవి నీడ ఉప్పాడ దాకా చాలదు, అలలు నేరుగా తగుల్తాయి. కాకినాడని కాపాడిన చెయ్యే ఉప్పాడ నోటిదగ్గర ముద్ద ఆపినట్టయింది. దీవిదేం తప్పు? ఇసుకకేం తెలుసు!

అసలు మొత్తం ఇసుకే తగ్గిపోతోంది. 1970లలో గోదావరి ఏటా సముద్రానికి తెచ్చే ఒండ్రుమట్టి సగటున 15 కోట్ల టన్నులు. 2000 దాటాక కొలిస్తే 6 కోట్ల టన్నులు కూడా లేదు. మిగతాదంతా ఎక్కడ? పైన కట్టిన ఆనకట్టల వెనక పేరుకుపోతోంది. ఆనకట్టలు వద్దంటానా? కాటన్ దొరగారు 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాకే మన జిల్లాలు అన్నపూర్ణ అయ్యాయి, ఆ అన్నమే తిని పెరిగాను. కానీ ఇన్ని వేల ఏళ్ళూ నది పోస్తూ ఉంటే సముద్రం తీస్తూ ఉంది, పోసేది ఎక్కువ కాబట్టి నేల పెరిగింది. ఇప్పుడు పోసే చెయ్యి బిగుసుకుంది, తీసే చెయ్యి మాత్రం అలాగే ఉంది. డబ్బాలో బియ్యం పోయడం తగ్గించి తీయడం మానకపోతే ఏమవుతుందో ఇల్లాలికి ఒకరు చెప్పాలా? కృష్ణా, గోదావరి డెల్టాల తీరం చాలాచోట్ల వెనక్కి జరుగుతోందని ఉపగ్రహ చిత్రాలు చూపిస్తున్నాయి. ఆ బురదే లేకపోతే కర్లూ ముక్కు దేంట్లో పెడుతుంది? ఈ పల్లె ఎక్కడికి పోతుంది?

మధ్యాహ్నం నీరు తీయడం మొదలైంది. మడ అడవుల వైపు బురద నల్లగా నిగనిగలాడుతూ బయటపడింది. సరంగు చెప్పినట్టే చిన్న పిట్టలు ముందు, పెద్దవి తర్వాత లేచి అటు వెళ్ళిపోయాయి. ఈసారి ఎవరూ తరమలేదు. తిరుగుప్రయాణంలో పడవ మడ చెట్ల పక్కగా వచ్చింది. నీళ్ళలోంచి పైకి పొడుచుకొచ్చిన మేకుల్లాంటి వేళ్ళు, కొమ్మల మీద రెక్కలు ఆరేసుకుంటున్న నీటికాకులు. ఈ అడవిలో బావురుపిల్లులూ నీటికుక్కలూ ఉంటాయంటారు గానీ మాకు కనిపించలేదు. అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. పడవ ఎక్కడానికి భయమున్నవాళ్ళు కోరంగి దగ్గర చెక్క వంతెన మీద నడుస్తూ కూడా ఈ చెట్లని చూడొచ్చు.

వచ్చే దార్లో పిఠాపురంలో ఆగి పెద్దమ్మకి అంతా చెప్పాను. ఎనభై దాటినా చెవులు చురుకే. పిట్టల కబుర్లన్నీ విని, తాబేలుకి అయ్యో అని, చివర్న, "ఎంత ఇసకుందే అక్కడా?" అంది. పదహారు కిలోమీటర్లు పెద్దమ్మా అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా వీధికి నాలుగు బళ్ళు సరిపోయేదే" అని మగ్గం దగ్గరికెళ్ళి కూర్చుంది. ఏం చెప్పను?

మీరు వెళ్ళాలనుకుంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళండి. ఏప్రిల్ దాటితే పిట్టలుండవు, ఎండా తట్టుకోలేం. ముందుగా కాకినాడలో ఫారెస్టు ఆఫీసులో అడిగి, అనుమతి ఉంటేనే బయల్దేరండి, లైఫ్ జాకెట్లు లేని పడవ ఎక్కకండి. పోటు వేళకి దీవి చేరేలా చూసుకుంటే పిట్టలు ఇసుక మీదే ఒక్కచోట కనిపిస్తాయి, ఏ వేళకి పోటో పడవ వాళ్ళని అడిగితే చెబుతారు. నీడ తక్కువ, కాబట్టి గొడుగు, మామూలు కంటే రెట్టింపు నీళ్ళు పట్టుకెళ్ళండి. భోజనం స్టీలు డబ్బాల్లోనే సర్దుకోండి, అక్కడ చెత్తకుండీల్లేవు. తాబేలు జాడ కనిపిస్తే దాని మీద నడవకండి, పొద్దున్నే ఫారెస్టు వాళ్ళు గుడ్లు వెతికేది ఆ జాడని బట్టే. పులిహోర కంటే దద్దోజనం ముందు తినెయ్యండి, ఎండకి పులిసిపోతుంది. ఇంకో మాట, ఆ పల్లెలో ఎండుచేపలు చవకే గానీ, కొన్నాక కారులో ఇంటిదాకా వచ్చే సంగతి మావారిని అడగాలి!